ఇచ్ఛ – ఐచ్ఛికం

ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదివిన విద్యార్థి ఇంజనీరింగు కళాశాలలో చేరడం తెలుగునాట ఋతుధర్మంవలె సహజమైన విషయంగా స్థిరపడిపోయింది. అందువల్ల ‘నాకు ఈ చదువు ఇష్టమేనా?’ అనే ప్రశ్న పరీక్షకు ముందు తలెత్తదు. సీటు చేతికి అందిన తరువాత, రుసుము చెల్లించవలసిన గడువు దగ్గరపడినప్పుడు తలెత్తుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ బంధువులకు శుభవార్త చెప్పేసి ఉంటారు.

ఒకనాటి పరిస్థితి వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1929లోను, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1946లోను ఇంజనీరింగు విద్య ఆరంభమైన కాలంలో సీటు దొరకడమే గగనం. ఎంచుకొనే ప్రసక్తి కొద్దిమందికే ఉండేది. 1986లో ఎంసెట్ మొదలైన తరువాత, ముఖ్యంగా ప్రైవేటు కళాశాలలు విస్తరించిన తరువాత, ప్రశ్న తలకిందులైంది. సీటు దొరుకుతుందా అన్న చింత పోయి, దొరికిన వాటిలో దేనిని స్వీకరించాలన్న చింత వచ్చింది. ఆ పరీక్ష ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుండి, తెలంగాణలో 2024 నుండి ఈఏపీసెట్ అనే పేరుతో జరుగుతున్నది.

సందిగ్ధంలో ఉన్న విద్యార్థి మొదట తేల్చుకోవలసినది తన సందేహం దేనిని గురించినదో. రెండేళ్ళపాటు వసతి కళాశాలలో వేకువజామున లేచి, రాత్రి పొద్దుపోయేవరకు లెక్కలు చేసిన విద్యార్థికి ఆ శాస్త్రాలమీదనే విరక్తి కలిగినట్లు తోచవచ్చు. నిజానికి ఆ విరక్తి తరచుగా చదివించిన పద్ధతిమీదనే గాని చదువుమీద కాదు. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నాక, ఎవరూ అడగకపోయినా ఒక లెక్కను చేయాలనిపిస్తే, అది అలసట మాత్రమే. ఇంకొందరికి శాస్త్రం ఇష్టమే. యంత్రాలతో, నిర్మాణాలతో, సంకేతలిపితో జీవితం గడపడం ఇష్టమో కాదో తెలియదు. మరికొందరి మనస్సు చరిత్రమీదనో, న్యాయశాస్త్రంమీదనో ఉంటుంది. ఆ మాట ఇంట్లో చెప్పే ధైర్యం ఉండదు. పైకి ఒకేలా కనిపించే ఈ సందేహాలకు సమాధానాలు ఒకటి కావు.

కౌన్సెలింగులో సీటు ఎలా కేటాయిస్తారో తెలియకపోవడం వల్ల కూడా చిక్కులు వస్తాయి. విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, శాఖలను వరుసక్రమంలో నమోదు చేయాలి. కంప్యూటరు ఆ జాబితాను పైనుండి చూస్తూ, ర్యాంకుకూ రిజర్వేషనుకూ అందే మొదటి సీటును కేటాయిస్తుంది. క్రిందనున్న ఐచ్ఛికాలు ఎంత మంచివైనా అక్కడితో వాటి ప్రస్తావన ముగుస్తుంది. ‘ఇది నాకు ఎలాగూ రాదు’ అనే భయంతో ఇష్టమైన దానిని అడుగున వేసి, వచ్చేదానిని పైన పెట్టిన వారు తమకు తామే అన్యాయం చేసుకుంటున్నారు. పైన వేసిన సీటు రాకపోతే నష్టమేమీ లేదు. తరువాతి విడతలో మరొక సీటు కేటాయిస్తే మొదటిది రద్దవుతుంది కాబట్టి, ఆ విడతలో ఇప్పుడున్న దానికన్న నిజంగా మెరుగనుకున్నవే వేయాలి. ఐచ్ఛికం అనే మాట ‘ఇచ్ఛ’ నుండి పుట్టినదే అయినా, ఎన్నో జాబితాలలో పొరుగింటివారి ఇచ్ఛ, అంతర్జాల కేంద్రం యజమాని ఇచ్ఛ కనిపిస్తాయి గాని విద్యార్థి ఇచ్ఛ కనిపించదు.

ఒక కౌలురైతు కుమార్తె స్థితిని ఊహించుకుంటే విషయం మరింత స్పష్టపడుతుంది. ఆమె ముందు మూడు దారులున్నాయి. ఇంటికి దగ్గరలోని, పెద్దగా పేరులేని ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ సైన్సు. దూరాన విశ్వవిద్యాలయ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు. పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గణితం, సాంఖ్యకశాస్త్రాలతో బి.ఎస్సీ. ఆమెకు గణితం ఇష్టం. ఇంజనీరింగంటే ఏమిటో తెలియదు. “త్వరగా ఉద్యోగం వచ్చేది చూసుకో తల్లీ” అంటాడు తండ్రి. ఆ మాటను తేలికగా తీసిపారవేయరాదు. బోధన రుసుము ప్రభుత్వ సహాయంతో తీరినా వసతి, భోజనం, పుస్తకాల ఖర్చు ఆ ఇంటిమీదనే పడుతుంది.

చాలామంది ఆమెను కంప్యూటర్ సైన్సు వైపే నెడతారు. అయితే మనస్సు స్థిరపడని విద్యార్థికి శాఖ పేరు కన్న కళాశాల ముఖ్యం. మంచి అధ్యాపకులు, గ్రంథాలయం, పనిచేసే ప్రయోగశాలలు, వేర్వేరు శాఖలు, తనకన్న చురుకైన సహాధ్యాయులు ఉన్నచోట అభిరుచి ఏమిటో బయటపడే అవకాశం ఎక్కువ. మొదటి సంవత్సరంలో గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగు, ఇంజనీరింగు డ్రాయింగు వంటివి చాలావరకు అన్ని శాఖలవారికీ ఉంటాయి. కోడింగు మీద ఆసక్తి ఉన్న సివిల్ విద్యార్థి దానిని నేర్చుకోవడం సాధ్యమే. బోధన లేని కళాశాలలో శాఖ పేరు ఒక్కటే విద్య నేర్పదు. అయితే సివిల్ పాఠ్యపుస్తకాన్ని తిరగవేసి చూసినప్పుడు ఏమాత్రం ఆసక్తి కలగకపోతే, కళాశాల ఎంత గొప్పదైనా అక్కడ నాలుగేళ్ళు గడపడం కష్టం. ఆమె సీనియరు విద్యార్థినుల వద్ద ఒక డ్రాయింగు పుస్తకాన్ని, ఒక బలవిజ్ఞాన గ్రంథాన్ని అడిగి తెచ్చుకొని రెండు రోజులు చూడటం పది మంది సలహాలకన్న మేలు.

మూడవ దారిని ఓటమిగా భావించడం తెలుగునాట పాతుకుపోయిన దురభిప్రాయం. గణితం ప్రధానంగా బి.ఎస్సీ. పూర్తిచేసినవారు ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరవచ్చు. అప్పుడు మొత్తం ఆరేళ్ళు పడుతుందన్నది నిజం. పేద కుటుంబానికి ఆ రెండేళ్ళు చిన్న విషయం కాదు. ఇంజనీరింగు వైపు వెళ్ళకపోయినా ఎం.ఎస్సీ., ఉపాధ్యాయవృత్తి, బ్యాంకు ఉద్యోగాలు, ఏ పట్టభద్రులకైనా అర్హత ఉండే సివిల్ సర్వీసులు ఉండనే ఉన్నాయి. బి.టెక్. చదివినవారు తరువాత న్యాయశాస్త్రానికో, నిర్వహణశాస్త్రానికో మళ్ళడమూ పరిపాటే.

దారి మార్చుకున్నవారి జీవితాలు ఇక్కడ గుర్తుకు వస్తాయి. అబ్దుల్ కలాం తిరుచిరాపల్లిలో భౌతికశాస్త్రంలో పట్టా పొందిన తరువాతగాని తనకు కావలసినది ఇంజనీరింగని గ్రహించలేదు. మద్రాసు సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశ రుసుముకోసం ఆయన సోదరి జొహరా తన బంగారు గాజులను, గొలుసును తాకట్టు పెట్టవలసి వచ్చింది. వెంకట్రామన్ రామకృష్ణన్ బరోడాలో చేతికందిన వైద్యవిద్య సీటును కాదని భౌతికశాస్త్రం చదివారు. అందులో డాక్టరేటు పొందాక మళ్ళీ విద్యార్థిగా చేరి జీవశాస్త్రం నేర్చుకున్నారు. 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఇటువంటివారు అరుదు. వారి పేర్లు చెప్పి ఏ చదువైనా ఒకటే అనడం సరికాదు. జొహరా గాజులవంటి మూల్యం ఎవరో ఒకరు చెల్లించవలసి ఉంటుంది.

కాబట్టి మూల్యాన్ని ముందే తెలుసుకోవాలి. జాతీయ అక్రెడిటేషన్ బోర్డు గుర్తింపునిచ్చేది శాఖలవారీగానే గనుక, కళాశాల ద్వారంవద్ద వ్రేలాడే ఫలకాన్ని చూసి సంతృప్తిపడకుండా తాను చేరబోయే శాఖకు ఆ గుర్తింపు ఉన్నదో లేదో చూడాలి. సీటు వదులుకుంటే ఎంత తిరిగి వస్తుందో, ఏ తేదీలోగా వదులుకోవాలో వ్రాతపూర్వకంగా అడగాలి. విద్యార్థుల మూల ధ్రువపత్రాలను ఉన్నత విద్యాసంస్థలు తమ వద్ద అట్టేపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో స్పష్టం చేసింది. ఈ విషయం తెలియక ఇష్టంలేని చోటనే ఉండిపోయినవారున్నారు.

గడువు ముగిసేవరకు జాబితాలోని క్రమాన్ని మార్చుకొనే వీలుంటుంది. ఆ కౌలురైతు కుమార్తె చివరి సాయంత్రం తండ్రిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ప్రతి పేరుకూ ఎదురుగా నాలుగేళ్ళ ఖర్చును వ్రాసి, ఆయనకు వినబడేటట్లు జాబితాను పైనుండి క్రిందివరకు చదవాలి. ఏ పేరువద్ద తన గొంతు తడబడుతున్నదో ఆమెకే తెలుస్తుంది.