మాధ్యమిక స్థాయి జర్మన్ భాష

మాధ్యమిక స్థాయి జర్మన్ అనగా ప్రాథమిక పాఠాలు పూర్తిచేసిన అభ్యాసకుడు భాషను స్వతంత్రంగా ఉపయోగించగలిగే దశ. ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాల చట్రంలోని ఆరు స్థాయిలలో బి1, బి2 ఈ దశకు చెందినవి. ఈ దశలో వ్యాకరణంతో పాటు సమకాలీన జర్మన్ సమాజం, సంస్కృతి కూడా పాఠ్యాంశాలుగా ఉంటాయి.

సంబోధన

ఎదుటి వ్యక్తిని సంబోధించుటకు జర్మన్‌లో 'డూ', 'జీ' అను రెండు సర్వనామాలు కలవు. ఇవి తెలుగులోని నువ్వు, మీరు పదాలను పోలి ఉన్నను వాటి వాడుక ఒకటి కాదు. జర్మన్ పిల్లలు తల్లిదండ్రులను, తాతలను సైతం 'డూ' అనియే పిలుస్తారు. అది అగౌరవం కాదు. అపరిచితులైన పెద్దలను, అధికారులను 'జీ' అంటారు. 'జీ' నుండి 'డూ'కు మారుదామని సాధారణంగా వయసులో లేదా హోదాలో పెద్దవారే ప్రతిపాదిస్తారు.

వ్యాకరణం

జరిగిన సంగతులను సంభాషణలో చెప్పునప్పుడు 'పెర్‌ఫెక్ట్' రూపం, కథలలోను పత్రికలలోను 'ప్రెటేరిటుమ్' రూపం ఎక్కువగా కనిపిస్తాయి. అందువలన పాఠ్యపుస్తకంతో పాటు వార్తలు, సంభాషణలు రెండూ అవసరమవుతాయి. 'వైల్' (ఎందుకనగా) వంటి పదాలతో మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరకు చేరుతుంది. వాక్యం చివర క్రియ రావడం తెలుగువారికి పరిచితమే.

ప్రసార మాధ్యమాలు, సినిమా

డాయిచె వెలె సంస్థ అభ్యాసకుల కొరకు నెమ్మదిగా చదివిన వార్తలను అందిస్తుంది. 2003లో విడుదలైన 'గుడ్ బై, లెనిన్!' చిత్రం తూర్పు బెర్లిన్‌లోని ఒక కుటుంబం ద్వారా 1989-90 నాటి మార్పులను చూపుతుంది. 'వెండె' అను పదానికి నిఘంటువులో మలుపు అని అర్థం. సమకాలీన వాడుకలో అది తూర్పు జర్మనీలో కమ్యూనిస్టు పాలన అంతమైన ఆ కాలాన్ని సూచిస్తుంది. చరిత్ర తెలియనిదే ఇటువంటి పదాలు పూర్తిగా బోధపడవు.

పౌరసత్వం, ఉద్యోగం

వలస వచ్చినవారి కొరకు జర్మనీ 2005లో సమైక్యతా కోర్సులను ప్రారంభించింది. సాధారణ కోర్సులో 600 భాషా పాఠాలు, 100 సమాజ పరిచయ పాఠాలు ఉంటాయి. రెండవ భాగంలో ప్రజాస్వామ్యం, చరిత్ర, సామాజిక జీవనం బోధిస్తారు. పౌరసత్వం కోరువారికి సాధారణంగా బి1 స్థాయి అవసరం. దీనితో పాటు 33 ప్రశ్నల పరీక్షలో కనీసం 17 సరైన సమాధానాలు ఇవ్వాలి. నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణంగా బి2 కావాలి.

భారతదేశంలో

భారతదేశంలోని గోథే సంస్థలను ఋగ్వేదాన్ని పరిష్కరించిన మాక్స్ ముల్లర్ (1823-1900) పేరిట మాక్స్ ముల్లర్ భవన్ అని పిలుస్తారు. హైదరాబాదులోని గోథే జెంట్రుమ్‌లో జర్మన్ తరగతులు నిర్వహించబడుతున్నాయి.