విదేశాల్లో మిరప నారు పోయాలంటే ఏ మట్టి సంచి కొనాలి?

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు నుంచి వెళ్ళి అమెరికాలోనో, ఇంగ్లాండ్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటున్న మనవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. ఊర్లోనే ఉండి ట్రేల్లో నారు పెంచేవాళ్ళకి కూడా పనికొస్తుంది, చివరిదాకా చూడండి.

స్టోర్‌కి వెళ్తే పది రకాల మట్టి సంచులు ఉంటాయి. అన్నిటి మీదా పచ్చని మొక్క బొమ్మే. చాలామంది "బలమైన మట్టి" అని రాసి ఉన్నది చూసి కొనేస్తారు. అక్కడే నారు పోతుంది. ఎందుకంటే మొలవడానికి కావాల్సిన తిండి విత్తనంలోనే ఉంటుంది. బయట నుంచి దానికి కావాల్సింది మూడే: తడి, గాలి, వెచ్చదనం.

ఊర్లో మట్టిలో మొలిచింది కదా, ఇక్కడెందుకు మొలవదు?

మంచి ప్రశ్నే. మన దగ్గర నల్ల రేగడి ఉంది, ఎర్ర చెలక ఉంది, గోదావరి ఒడ్డున ఒండ్రు ఉంది. పొలంలో అయితే నీళ్ళు లోపలికి దిగడానికి చోటు ఉంటుంది. అదే మట్టిని 3 అంగుళాల కప్పులో వేస్తే నీళ్ళు అడుగున నిలిచిపోతాయి. వేరుకి గాలి అందదు. ఆరితే ఇటుకలా గట్టిపడుతుంది. మీ ఇంటి వెనక పెరట్లో తవ్విన మట్టి అయినా అంతే.

మిరప రైతుని అడగండి, నారుమడిని నేల మీద నుంచి అర అడుగు ఎత్తుగా ఎందుకు కడతారో చెప్తారు. నీళ్ళు నిలిస్తే నారుకుళ్ళు వస్తుంది. మొలక కాండం నేల దగ్గర మెత్తబడి, రాత్రికి రాత్రి పడిపోతుంది. అమెరికాలో కిటికీ దగ్గర పెట్టిన కప్పులో వచ్చేది కూడా ఇదే జబ్బు. ఇప్పుడు మన దగ్గర కూడా షేడ్‌నెట్ నర్సరీలు మట్టి మానేసి కోకోపీట్ ట్రేల్లో నారు పెంచుతున్నాయి. కారణం ఇదే.

సంచి మీద ఏం రాసుంటే ఏంటి?

"టాప్ సాయిల్", "గార్డెన్ సాయిల్" అంటే నేలలో కలపడానికి. బరువుగా ఉంటుంది. కప్పుల్లో వద్దు.

"పాటింగ్ మిక్స్", "పాటింగ్ సాయిల్" పెద్ద కుండీలకి. చెక్క బెరడు ముక్కలు, ఎరువు గుళికలు ఉంటాయి. నారు కాస్త ఎదిగాక మార్చడానికి బాగుంటుంది. ఇదొక్కటే ఉంటే జల్లెడ పట్టి వాడొచ్చు. "మాయిశ్చర్ కంట్రోల్" అని ఉన్నది మాత్రం విత్తనాలకి వద్దు, తడి ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది.

మీకు కావాల్సింది "సీడ్ స్టార్టింగ్ మిక్స్". ఆస్ట్రేలియాలో "సీడ్ రైజింగ్ మిక్స్" అంటారు. ఇంగ్లాండ్‌లో కుండీ మట్టినే కంపోస్ట్ అంటారు కాబట్టి "సీడ్ అండ్ కటింగ్ కంపోస్ట్" అని వెతకండి. అడవి అంచున చెట్ల కింద ఆకులు కుళ్ళి పొడిపొడిగా అయిన నల్ల మన్ను పట్టుకున్నారా? చేతికి అంత తేలిగ్గా ఉండాలి.

ఇంట్లో కలుపుకోవాలంటే

కోకోపీట్ ఇటుక కొనండి. మన దేశం నుంచీ, శ్రీలంక నుంచీ వెళ్ళేదే ఎక్కువ. 650 గ్రాముల ఇటుక నానితే 8, 9 లీటర్లు అవుతుంది. కొన్నిటిలో ఉప్పు ఉంటుంది, కాబట్టి ఒకటి రెండుసార్లు నీళ్ళతో కడిగి పిండండి. రెండు పాళ్ళు కోకోపీట్‌కి ఒక పాలు పర్లైట్ కలపండి. పర్లైట్ అంటే తెల్లటి తేలికైన గుళికలు. గాలి ఆడటానికి.

కప్పులు నింపే ముందే బకెట్‌లో తడపండి. గుప్పెట్లో గట్టిగా పిండితే రెండు మూడు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు.

పెరట్లో పాత కంపోస్ట్ కలపాలనుకుంటే ముందు పరీక్ష చేయండి. కలుపు మందు కొట్టిన గడ్డి తిన్న పశువుల పేడలో ఆ మందు నెలల తరబడి మిగిలిపోవచ్చు. ఒక కప్పులో నాలుగు చిక్కుడు గింజలు వేయండి. ఆకులు ముడుచుకుని వస్తే ఆ కంపోస్ట్ మిరపకి, టమాటాకి వద్దు.

టైమ్ ముఖ్యం

చలి దేశాల్లో సీజన్ చిన్నది. ఒకసారి నారు పోయి మళ్ళీ వేస్తే నెల పోయినట్టే. కాయ పండేలోపు మంచు వచ్చేస్తుంది. మీ ఊర్లో ఆఖరి మంచు తేదీ చూసుకుని, మిరప 8 వారాల ముందు వేయండి. బీర, సొర 3, 4 వారాల ముందు చాలు. వీటి వేర్లు కదిలిస్తే ఊరుకోవు కాబట్టి ఒక్కో కప్పుకి ఒక్కో గింజ వేయండి.

మిరప గింజ అర సెంటీమీటర్ లోతు చాలు. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. మొలిచాక వెలుతురు కావాలి, నీళ్ళు అడుగు నుంచి పట్టించాలి. మొదటి రెండు ఆకుల తర్వాత అసలు ఆకులు వచ్చాకే ఎరువు, అది కూడా చెప్పిన మోతాదులో సగం.

ఊరి నుంచి తీసుకెళ్ళొచ్చా?

మట్టి వద్దు. అమెరికాలోకి పర్మిట్ లేకుండా మట్టి రానివ్వరు. అందులో పురుగులు, తెగుళ్ళు ఉంటాయని భయం. నాటే విత్తనాలకి కూడా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ గానీ, స్మాల్ లాట్స్ ఆఫ్ సీడ్ అనే పర్మిట్ గానీ ఉండాలి. డబ్బాలో దాచి తీసుకెళ్తే విత్తనాలు లాక్కుంటారు, జరిమానా కూడా పడొచ్చు. ఏది ఉన్నా ఎయిర్‌పోర్ట్‌లో చెప్పేయండి.

అమ్మమ్మ దాచి ఇచ్చిన బీర గింజలు పదే ఉన్నాయనుకోండి, అన్నీ ఒకేసారి వేయకండి. ముందు మూడు వేసి చూడండి. మిక్స్ బాగుందని తేలాక మిగతావి వేయండి.

ఈసారి స్టోర్‌కి వెళ్ళినప్పుడు సంచి ముందు బొమ్మ వదిలేసి వెనక ఏం రాశారో చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో నారు కుండీలోకి మార్చడం గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.