వేడుకకు పోవు దారి, ఇంటికి మరలు దారి

ప్రతి సంవత్సరము మే నెల నడుమ, తమిళుల వైకాశి మాసపు మొదటి దినమున, గుడియాత్తములో గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుండి అమ్మవారి శిరస్సు ఊరేగింపుగా కౌండిన్య నదీతీరమందలి గోపాలపురము గుడికి చేరును. ఈ జిల్లావారేగాక చిత్తూరు, పలమనేరు ప్రాంతముల వారును వత్తురు. ఆనాడు ప్రత్యేక బస్సులు నడుపుదురు. నేడు మన పిల్లలు చెన్నపట్టణము, బెంగుళూరులలో జరుగు పెద్ద సంగీత కచేరీలకును పోవుచున్నారు. ఆ కచేరీలకును మన ఉత్సవమునకును ఉన్న చిక్కు ఒక్కటే. అది జనము వచ్చుటలో లేదు, మరలి పోవుటలో ఉన్నది.

వచ్చువారు మధ్యాహ్నము నుండి కొందరు కొందరుగా వత్తురు. పోవునపుడో, కడపటి పాట ముగిసిన అరగంటలో అందరును ఒక్కసారిగా రోడ్డు మీదికి వత్తురు. ఒక చిన్న లెక్క చూడుడు. 10,000 మంది బస్సుల కొఱకు నిలిచిరనుకొందము. బస్సునకు 50 మంది చొప్పున 200 సార్లు బస్సు కదలవలెను. ఉన్నవి 50 బస్సులై, ఒక్కొక్కటి గంటకొకసారి పోయి వచ్చినచో నాలుగు గంటలు పట్టును. అవే బస్సులు దగ్గఱి రైల్వే స్టేషను వఱకే నడచి గంటకు రెండుసార్లు తిరిగినచో రెండు గంటలు చాలును. కావున బస్సులెన్ని యనుటకంటె, అవి ఎంత త్వరగా తిరిగి వచ్చుననునది ముఖ్యము. దారిలో సొంత కార్లు అడ్డము నిలిచినచో ఈ లెక్క యంతయు తలక్రిందులగును.

2023 సెప్టెంబరు 10న చెన్నపట్టణపు తూర్పు తీర రహదారిలో, పనైయూరు వద్ద, ఏ. ఆర్. రహమాన్ కచేరీ జరిగినది. అచటికి మెట్రో రైలు లేదు. వాహనములన్నియు ఒకే రహదారి పట్టినవి. టిక్కెట్టు చేతనుండియు అనేకులు లోనికి పోజాలక వెనుదిరిగిరి. 2024 అక్టోబరు 6న మెరీనా తీరమున వైమానిక దళ ప్రదర్శన ముగియగానే రహదారులు, రైల్వే స్టేషనులు క్రిక్కిఱిసినవి. ఎండ తీవ్రముగా నుండెను. ఆ దినమున అయిదుగురు మరణించిరి.

మేలైన పద్ధతియు ఆ నగరముననే కలదు. 2023లో చేపాక్ మైదానపు చెన్నై సూపర్ కింగ్స్ పోటీలకు టిక్కెట్టు కొన్నవారిని మెట్రో రైలులో వేరు ఛార్జీ లేకుండ పోనిచ్చిరి. జర్మనీలో అనేక కచేరీల టిక్కెట్టే ఆ దినమునకు బస్సు, రైలు టిక్కెట్టుగా చెల్లును. ఇందువలన రెండు లాభములు కలవు: కార్లు ఇంటియొద్దనే నిలుచును, స్టేషనులో టిక్కెట్ల కొఱకు వరుస ఉండదు.

మన గుడియాత్తమున రైల్వే స్టేషను పట్టణమునకు దూరముగా నున్నది. కావున ఉత్సవపు రాత్రి కడపటి రైలు పోవు వఱకు స్టేషనుకు బస్సులు తిరుగుచుండవలెను. వేలూరు, పేర్నాంబట్టు, పలమనేరు బస్సులకు ఊరి వెలుపల వేర్వేరు స్థలములుండవలెను. రోగిని వేలూరు ఆసుపత్రికి కొనిపోవుటకు ఒక దారి ఎల్లప్పుడు ఖాళీగా నుండవలెను. చిత్తూరు వైపు బస్సుల పలకలు తెలుగులో కూడ ఉన్నచో, తమిళము చదువలేని వృద్ధులు చీకటిలో తడబడరు. ఈ కోరికలను ఉత్సవమునకు ముందే అధికారులకు విన్నవించుకొనుట మన వంతు.

తలిదండ్రులారా! పిల్లలు వేడుకకు పోయెదమన్నపుడు "ఎట్లు పోవుదువు?" అని మాత్రమే అడుగుచున్నాము. "ఎట్లు మరలుదువు?" అని కూడ అడుగవలెను. కడపటి బస్సు ఎన్ని గంటలకు, ఎచటి నుండి బయలుదేరునో ముందే తెలిసికొనవలెను. గుంపులో ఫోనులు సరిగా పలుకవు. కావున తప్పిపోయినచో కలిసికొనవలసిన చోటు ముందే నిర్ణయించుకొనవలెను. కడపటి పాటకు ముందే లేచుటయో, ముగిసిన పిదప అరగంట నిలుచుటయో మేలు. పిల్లవాడు క్షేమముగా ఇల్లు చేరినపుడే వేడుక ముగిసినట్లు.