ఇంటికప్పు మీది యాంటెన్నా

వికారాబాద్‌లో గాని, తాండూరులో గాని పాత ఇళ్ల కప్పుల మీదుగా దృష్టి సారిస్తే అక్కడక్కడ రెండు విధాలైన పరికరాలు కనిపిస్తాయి. మొదటిది ఇనుపగొట్టం కొన మీద చేపముల్లు వలె అమర్చిన అల్యూమినియం కడ్డీల వరుస. దాని తీగ తెగిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడది కాకులకు ఆసనం. రెండవది పిట్టగోడ మీద బిగించిన లోహపు పళ్లెం. జనం దీనిని డిష్ అని, గొడుగు అని పిలుస్తారు. మొదటిది తూర్పువైపు చూస్తుంది. రెండవది ఆగ్నేయం వైపు చూస్తుంది. నెలనెలా రుసుము చెల్లించకుండా ఆకాశమార్గాన వచ్చే దృశ్యాన్ని ఇంటిలోనికి తెచ్చుకోవడానికి పుట్టినవే ఈ రెండూను. అయితే మొదటి దానిని నేడు కొనడం డబ్బు దండుగ. రెండవ దానిని తప్పు దిక్కుకు బిగిస్తే అదీ దండుగే. ఏది కొనాలో, ఎటు తిప్పాలో తెలియాలంటే ముందుగా తరంగం ఏ దారిన వస్తున్నదో తెలియాలి.

కురుక్షేత్ర యుద్ధాన్ని హస్తినలో కూర్చొని చూడగలిగే దృష్టి సంజయునికి వ్యాసుని వరం వలన లభించింది. ఈ ప్రాంతపు పల్లెలకు అటువంటి దృష్టి 1975వ సంవత్సరంలో ఒక ఉపగ్రహం వలన లభించింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని వినియోగించుకొని, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఆ సంవత్సరం ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు 'సైట్' అనే ప్రయోగాన్ని నిర్వహించింది. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పెట్టెలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామాలు ఇందులో ఉన్నాయి. వికారాబాద్, తాండూరు ఆనాడు హైదరాబాద్ జిల్లాలోనివే. గ్రామంలో అందరూ చేరగల చోట పెట్టెను ఉంచి, ఆరుబయట సుమారు మూడు మీటర్ల వ్యాసం గల పళ్లేన్ని నిలిపేవారు. కోళ్లగూటికి వాడే సన్నని ఇనుపవలతో అల్లిన పళ్లెం అది. ఉపగ్రహం ఆఫ్రికా ఖండం మీదుగా 35 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉండేది కనుక, ఆ పళ్లేలన్నీ పడమటి దిక్కుకు, కొంచెం దక్షిణంగా ముఖం పెట్టి ఉండేవి. ఉదయం బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం మొదలైన విషయాలు ప్రసారమయ్యేవి. ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రాలకు బొమ్మ ఒక్కటే. మాట మాత్రం తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. 1956 వరకు గుల్బర్గా జిల్లాలో తాలూకాగా ఉండి, తరువాత తెలుగు రాష్ట్రంలో చేరిన తాండూరు వంటి సరిహద్దు ప్రాంతానికి ఈ ఏర్పాటు ఎంతో తగినది.

ఏడాది గడువు ముగియగానే ఆ ఉపగ్రహం వెళ్లిపోయింది. పల్లెలలోని పళ్లేలు అంధములయ్యాయి. ఆ లోటు కొంతైనా తీర్చడానికి భూమి మీదనే ప్రసార స్తంభాలు నిలిపారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు ప్రారంభమయ్యాయి. గుల్బర్గాలోను అదే సంవత్సరం ప్రసారకేంద్రం ఏర్పడింది. యాంటెన్నా ఎంపిక అనే చిక్కు నిజానికి ఇక్కడే మొదలైంది.

టెలివిజన్‌కు వాడే తరంగాలు దాదాపు వెలుతురు వలె తిన్నగా సాగిపోతాయి. భూమి గుండ్రనిది కాబట్టి కొంత దూరం పోయాక అవి నేలను విడిచి పైకి పోతాయి. ప్రసార స్తంభం ఎత్తును, ఇంటి యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, రెండింటి వర్గమూలాలను కూడి 4.12తో గుణిస్తే, సమతల భూమి మీద తరంగం చేరగల దూరం కిలోమీటర్లలో సుమారుగా తెలుస్తుంది. స్తంభం 150 మీటర్లు, ఇంటి యాంటెన్నా 10 మీటర్లు అనుకొంటే ఆ దూరం 63 కిలోమీటర్లు. హైదరాబాద్ నుండి వికారాబాద్‌కు తిన్నని గీత గీస్తే సుమారు 60 కిలోమీటర్లు. పైగా వికారాబాద్ హైదరాబాద్ కంటె సుమారు వంద మీటర్లు ఎత్తున ఉంది. తాండూరు పరిస్థితి వేరు. తిన్నని దూరమే 90 కిలోమీటర్లు దాటుతుంది. ఊరు వికారాబాద్ కంటె దాదాపు రెండు వందల మీటర్లు పల్లంలో ఉంది. మధ్య అనంతగిరి కొండలు అడ్డు. మూసీనదికి జన్మనిచ్చిన ఆ కొండలు తరంగాలకు మాత్రం దారి ఇవ్వవు. మరి గొట్టం పొడవు పెంచితే సరిపోదా అని ఎవరికైనా తోచవచ్చు. పది మీటర్ల గొట్టాన్ని ఇరవై మీటర్లు చేస్తే దక్కే అదనపు దూరం అయిదు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. ఖర్చు, గాలికి ఊగిసలాట మాత్రం రెట్టింపును మించుతాయి. గుల్బర్గా తాండూరుకు పడమట సుమారు 80 కిలోమీటర్లు. రెండు నగరాలకు నడుమనున్న ఆ ఊరిలో యాంటెన్నాను ఎటు తిప్పాలన్నది, ఏ భాష వినదలచారన్న ప్రశ్న కూడా అయింది.

చేపముల్లు వంటి ఆ యాంటెన్నా జపాన్ దేశపు సృష్టి. తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన షింతారో ఉడా, హిదెత్సుగు యాగి అనే ఆచార్యులు 1926లో దీనిని లోకానికి తెలిపారు. చూడటానికి అన్నీ ఒకే తీరు కడ్డీలుగా ఉన్నా, వాటి పనులు వేరు. నడుమ మడత పెట్టినట్లుండే కడ్డీ ఒక్కదానికే తీగ కలుపుతారు. తరంగాన్ని విద్యుత్తుగా అందుకొనేది అదే. దాని వెనుకనున్న కొంచెం పొడవాటి కడ్డీ, దాటిపోయే తరంగాన్ని అద్దం వలె వెనుకకు తిప్పుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు తరంగాన్ని నడుమకు నడిపిస్తాయి. ముందు కడ్డీలు ఎన్ని ఎక్కువైతే యాంటెన్నా అంత దూరం నుండి గ్రహించగలదు. కాని దాని చూపు అంత ఇరుకవుతుంది. అందువలన పెద్ద యాంటెన్నా కొన్నవాడు దానిని మరింత జాగ్రత్తగా గురి పెట్టాలి. గాలికి కాస్త తిరిగినా బొమ్మ పోతుంది. ఈ సంగతి తెలియక ఎక్కువ కడ్డీలున్నదే మేలైనదని కొన్నవారు ఎందరో. కడ్డీల పొడవు కూడా ఇష్టం వచ్చినంత ఉండదు. అందుకోవలసిన తరంగదైర్ఘ్యంలో సుమారు సగం ఉండాలి. 200 మెగాహెర్ట్జ్ ప్రసారానికి తరంగదైర్ఘ్యం ఒకటిన్నర మీటరు, కడ్డీ 75 సెంటీమీటర్లు. 62 మెగాహెర్ట్జ్ ప్రసారానికైతే కడ్డీ రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు దాకా పోతుంది. ఒక ప్రసారానికి చేసిన యాంటెన్నా మరొక దానికి పనికిరాకపోవడం అందువలననే.

ఆ రోజులలో కప్పు మీద ఒకరు గొట్టం పట్టుకొని తిప్పుతుంటే, వాకిట్లో ఒకరు, టీవీ ముందు ఒకరు నిలబడి "వచ్చిందా?", "వచ్చింది, వచ్చింది... పోయింది" అని కేకలు వేసుకోవడం ప్రతి వీధిలోను వినిపించేది. 1987లో 'రామాయణం' ధారావాహిక మొదలైన తరువాత ఆదివారం ఉదయాలు ఈ సందడి మరీ ఎక్కువ. బొమ్మ మీద తెల్లని చుక్కలు కురిస్తే తరంగం బలహీనమని అర్థం. ఒక మనిషి పక్కన మరొక మసక మనిషి కనిపిస్తే అది వేరే రోగం. ప్రసారం తిన్నగా వచ్చేది ఒకటి, కొండకో కట్టడానికో తగిలి ఆలస్యంగా వచ్చేది మరొకటి కలిసి అలా కనిపిస్తాయి. చుట్టు తిరిగి వచ్చే దారి 300 మీటర్లు ఎక్కువైతే ఆలస్యం సెకనులో పదిలక్షవ వంతు. అంత స్వల్పకాలమే ఇరవై అంగుళాల తెర మీద దాదాపు ముప్పాతిక సెంటీమీటరు ఎడమవుతుంది. దీనికి బూస్టరు మందు కాదు. బూస్టరు బొమ్మతో పాటు ఆ మసక బొమ్మనూ, చుక్కలనూ కూడా పెంచుతుంది. యాంటెన్నాను కొద్దిగా పక్కకు జరపడం, చూపు ఇరుకైన యాంటెన్నాను వాడటం మాత్రమే దానికి ఉపాయాలు.

తరంగాలన్నీ ఇలా కొండలకు లొంగేవే అనుకోరాదు. వికారాబాద్ సమీపంలోని దామగుండం అడవిలో భారత నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. అడవి నరికివేత గురించి స్థానికులు ఆందోళన తెలిపిన కేంద్రం అది. అటువంటి కేంద్రాలు వాడే అత్యల్ప పౌనఃపున్య తరంగాల దైర్ఘ్యం పది కిలోమీటర్లకు తక్కువ ఉండదు. అవి భూమి వంపును అనుసరించి వేల కిలోమీటర్లు పోయి, సముద్రజలంలోనికి సైతం కొంతలోతు చొచ్చుకొని జలాంతర్గాములకు సందేశం అందిస్తాయి. కాని అంత నెమ్మదిగా కంపించే తరంగం మీద బొమ్మను మోయించడం అసాధ్యం. నాలుగు మాటలు మాత్రమే అది మోయగలదు.

ఇక వర్తమానానికి వస్తే, దూరదర్శన్ తన పాత పద్ధతి భూతల ప్రసార కేంద్రాలను క్రమంగా మూసివేసింది. 2022 నాటికి సరిహద్దులు, ద్వీపాల వంటి కొన్ని చోట్ల తప్ప దేశమంతటా అవి ఆగిపోయాయి. కొత్త పద్ధతి అంకాత్మక భూతల ప్రసారం కొన్ని పెద్ద నగరాలకే పరిమితమైంది. కాబట్టి వికారాబాద్, తాండూరు ప్రాంతాలలో తూర్పుకు తిప్పిన కడ్డీల యాంటెన్నాకు అందుకోవడానికి ఏమీ లేదు. "డిజిటల్ యాంటెన్నా, వంద ఛానళ్లు ఉచితం" అంటూ ఎవరైనా చిన్న పెట్టెలో అమ్మజూపితే, ఆ వంద ఛానళ్లు ఏ స్తంభం నుండి వస్తాయని అడగాలి. జవాబు రాదు. యాంటెన్నా ఉన్న తరంగాన్ని పట్టగలదే గాని లేని తరంగాన్ని పుట్టించలేదు.

ఉచిత ప్రసారం మళ్లీ ఉపగ్రహానికే చేరింది. 2004 డిసెంబరులో 'డీడీ డైరెక్ట్ ప్లస్' పేరుతో ప్రారంభమై, తరువాత 'డీడీ ఫ్రీ డిష్'గా పేరు మారిన సేవ ఇది. పళ్లెం, ఎల్.ఎన్.బి., సెట్‌టాప్ బాక్సు, తీగ ఒకసారి కొంటే చాలు, నెలవారీ చెల్లింపు లేదు. చెల్లింపు సేవలలో కనిపించే తెలుగు వినోద ఛానళ్లు చాలావరకు ఇందులో ఉండవన్నది కొనేముందే తెలుసుకోదగిన మాట. తెలంగాణ ప్రాంతీయ దూరదర్శన్ ఛానల్ 'యాదగిరి' మాత్రం ఉంది. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు సెప్టెంబరు 1 నుండి ప్రభుత్వ పాఠశాలల పాఠాలు ఆ ఛానల్‌లోను, టీ-శాట్‌లోను ప్రసారమయ్యాయి. స్మార్ట్‌ఫోను లేని ఇంటిలో, కేబుల్ బిల్లు కట్టలేని ఇంటిలో ఆ పళ్లెమే తరగతి గది. అది ఒక అంగుళం పక్కకు తిరిగి ఉంటే ఆ పిల్లవానికి ఆ రోజు పాఠం లేనట్లే. 1975లో వలపళ్లెం ముందు కూర్చున్న బడిపిల్లల స్థితి కూడా ఇదే.

ఈ సేవ నేడు జీశాట్-15 ఉపగ్రహం ద్వారా అందుతుంది. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచి ఉంది. వికారాబాద్ నుండి చూస్తే సరిగా ఆగ్నేయ దిక్కు. క్షితిజం నుండి 63 డిగ్రీల ఎత్తు. తాండూరులో ఈ లెక్క ఒక డిగ్రీ కూడా మారదు. అంత ఎత్తున చూస్తుంది కనుక అనంతగిరి కొండలు దీనికి అడ్డురావు. భూతల ప్రసారంలో తాండూరుకు ఉన్న పెద్ద లోటు ఇలా ఒక్కసారిగా తొలగిపోయింది. బిగించేవారిని తరచు తికమక పెట్టే అంశం ఒకటి ఉంది. ఇళ్లకు వాడే పళ్లేలలో ఎల్.ఎన్.బి. నట్టనడుమ గాక క్రిందివైపు చేతి మీద ఉంటుంది. అందువలన పళ్లెం చూపు దాని ముఖం కంటె ఇరవై అయిదు డిగ్రీల దాకా పైకి ఉంటుంది. ఎదురింటి గోడను చూస్తున్నట్లు కనిపించినా నిజానికి ఆకాశాన్నే చూస్తుంటుంది. ముఖాన్ని 63 డిగ్రీలకు వంచితే చూపు నడినెత్తికి పోయి ఏమీ అందదు.

అరవై సెంటీమీటర్ల పళ్లెం ఈ ప్రాంతంలో మామూలు రోజులకు సరిపోతుంది. ఈ తరంగదైర్ఘ్యం మూడు సెంటీమీటర్లకు లోపే కాబట్టి వానచినుకులు దానిని పీల్చివేస్తాయి. కుండపోత వానలో తెర ఆగిపోతే పళ్లేన్ని తిప్పరాదు. వాన తగ్గగానే అదే వస్తుంది. వానలో కప్పెక్కి, బాగున్న గురిని పాడుచేసుకొనేవారే ఎక్కువ. కొంచెం పెద్ద పళ్లెం కొంటే ఈ అంతరాయం తగ్గుతుంది. పెట్టె విషయంలో ఎం.పెగ్-4 పద్ధతి గలదానినే అడిగి తీసుకోవాలి. పాత పెట్టెలకు కొన్ని ఛానళ్లు అందవు. తీగ అతుకులు లేకుండా ఒకే ముక్కగా ఉండాలి. ఎల్.ఎన్.బి. వద్ద తీగను కొంచెం క్రిందికి వేలాడదీసి వంపు తిప్పితే వాననీరు ఆ వంపు దగ్గరే జారిపోతుంది, లోపలికి చేరదు. కరెంటు తీగలు దాపున ఉన్న చోట గొట్టం ఎత్తడం ప్రాణాపాయం. ఇనుపగొట్టాన్ని భూమికి తీగతో కలపడం పిడుగుల కాలంలో తప్పనిసరి. తాండూరు నాపరాతి నేలలో ఎర్తు గుంత త్రవ్వడం కష్టమే అయినా ఆ పని వదలరాదు.

చెట్లు అడ్డు ఉన్నాయో లేవో తెలుసుకోవడానికి పరికరం ఏదీ అక్కరలేదు. ఏటా మార్చి రెండవ వారంలోను, సెప్టెంబరు చివర – అక్టోబరు మొదటి రోజులలోను, ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగా ఈ ఉపగ్రహం వెనుకకు వస్తాడు. కొద్ది నిమిషాలు తెర తడబడినా తడబడవచ్చు. సూర్యకిరణం వచ్చే దారి, తరంగం వచ్చే దారి ఆ సమయంలో ఒక్కటే. ఆ వేళ పళ్లెం మీద వేపకొమ్మ నీడ పడుతున్నదంటే, కొమ్మనైనా కొట్టాలి, పళ్లేన్నైనా జరపాలి.