ఆ ఒక్క వోల్టు ఎక్కడ పోయింది?

1986లో మైక్రోసాఫ్ట్ తరలివచ్చాక రెడ్‌మండ్ పేరు తెలుగిళ్ళలోనూ పరిచితమైంది. ఆ ప్రాంతంలో అక్టోబరు నుంచి మార్చి దాకా ముసురు ఓ పట్టాన వదలదు. రెడ్‌మండ్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం మోటార్‌సైకిల్ రోడ్డెక్కితే పట్టపగలైనా హెడ్‌లైటు వెలగాల్సిందే. అందుకే అక్కడ పాత బుల్లెట్‌నో ట్రయంఫ్‌నో నడిపేవారికి ఇంజను ఎంత ముఖ్యమో, లైటు స్విచ్చూ అంతే ముఖ్యం.

తొలినాటి మోటార్‌సైకిళ్ళకు ఈ స్విచ్చు లేదు. కాల్షియం కార్బైడ్ మీద నీటిచుక్కలు పడితే పుట్టే ఎసిటిలీన్ వాయువును అగ్గిపుల్లతో వెలిగించేవారు. డైనమో, బ్యాటరీ వచ్చాక స్విచ్చు అవసరమైంది. దాని కిటుకు మాత్రం అప్పటికే తెలుసు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ 1884లో తటాలున విడిపోయే స్విచ్చును కనిపెట్టాడు. స్విచ్చులో కరెంటును కలిపే పాయింట్లు మెల్లగా విడిపోతే మధ్యలో మెరుపు నిలిచి లోహాన్ని కాలుస్తుంది. స్ప్రింగు బలంతో ఒక్కసారిగా విడిపోతే ఆ మెరుపు వెంటనే ఆరిపోతుంది. లియో బేక్‌లాండ్ 1907లో తయారుచేసిన బేకలైట్, వేడికి కరగని, కరెంటు పారనివ్వని ఒళ్ళుగా స్విచ్చులకు అమిరింది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో బుల్లెట్లు చేసే కంపెనీతో చేతులు కలిపి వాటి తయారీకి పూనుకునే నాటికి ఆ బండ్లలో ఉన్నది 6 వోల్టుల కరెంటు.

అసలు చిక్కు ఆ ఆరు వోల్టుల్లోనే ఉంది. 30 వాట్ల బల్బు 6 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. తేమకు ఇత్తడి పాయింట్ల మీద చిలుము పట్టి, పాత గ్రీజు గట్టిపడి, స్విచ్చులో 0.2 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. అక్కడే దాదాపు ఒక వోల్టు ఖర్చయిపోతుంది. ఫిలమెంటు బల్బు వోల్టేజి కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది. ఆరింట ఒక వోల్టు పోతే వెలుగు సుమారు సగానికి పడిపోతుంది. అదే నిరోధం 12 వోల్టుల బండిలో అర వోల్టే మింగుతుంది. పాత బండి లైటు మసకబారిందని బల్బులూ బ్యాటరీలూ మార్చేవారు ముందు చూడాల్సింది స్విచ్చునే.

బాగుచెయ్యడానికి ముందు బ్యాటరీ తీగ విప్పాలి. ఏ రంగు తీగ ఎక్కడుందో ఫోటో తీసుకోవాలి. స్విచ్చును పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి విప్పితే, లోపలి చిన్న స్ప్రింగూ గుండూ ఎగిరి మాయమవ్వవు. గట్టిపడ్డ గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చింతపండులోని ఆమ్లం ఇత్తడి బిందె చిలుమును కరిగించినట్టే, వెనిగర్ ఇత్తడి పాయింట్ల చిలుమును కరిగిస్తుంది. ఆ తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టకపోతే మిగిలిన ఆమ్లమే మళ్ళీ లోహాన్ని తింటుంది. వెండిపూత పాయింట్లను ఎమరీ కాగితంతో రుద్దకూడదు. పూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. సడలిన టంకం మళ్ళీ వేసి, తడి చొరకుండా పలుచగా డైఎలక్ట్రిక్ గ్రీజు రాసి బిగించాలి.

ఇక పరీక్ష. మల్టీమీటరు ‘బీప్’ అన్నంత మాత్రాన స్విచ్చు బాగున్నట్టు కాదు. మీటరు పంపేది కొద్ది మిల్లీఆంపియర్లే. అంత తక్కువ కరెంటు అరకొర పాయింటు గుండా కూడా దాటిపోతుంది. లైటు వెలుగుతుండగా స్విచ్చు రెండు కొసల మధ్య వోల్టేజి కొలవాలి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే పని ఇంకా మిగిలినట్టే.

పాత బండికి సరిపోయే అసలు స్విచ్చు దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది. మీ చేతిలో ఉన్నదాన్ని పారేయకండి. అలాంటి చాలావాటికి కావలసింది కొత్త భాగం కాదు, ఒక పూట ఓపిక.