డిక్కీలో ఆంప్లిఫయర్‌కి ఏ వైరు వేయాలి?

భవానీపురంలో మా బాబాయ్ కారు డిక్కీలో 500 వాట్ల ఆంప్లిఫయర్ పెట్టించాడు. బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు డిమ్ అయ్యేవి. ఓ రోజు మ్యాట్ కింద నుంచి కాలిన వాసన! తీసి చూస్తే, ఇంటి వైరింగ్‌కి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు.

ఇంట్లో 230 వోల్టులు కాబట్టి 500 వాట్లకి రెండు ఆంపియర్ల పైచిలుకు చాలు. కారులో ఉన్నది 14 వోల్టులే. ఆంప్లిఫయర్‌లో అయ్యే వృథా కూడా కలిపితే ఫుల్ సౌండ్‌లో 45 ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి డిక్కీకి ఐదు మీటర్లు అనుకుంటే, ఆ సన్న వైరులోనే దాదాపు 70 వాట్లు వేడిగా పోతాయి. 4 గేజ్ రాగి వైరైతే ఎనిమిదే (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు, అదో తిరకాసు). రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా వస్తుంది గానీ, అది ఇంకా లావుది కావాలి.

బ్యాటరీకి మూరెడు లోపే ఫ్యూజు ఉండాలి. బాబాయ్ కారులో అదీ లేదు.