బహావు జనులు: ఆచారమును, ఆగమమును



యూపస్తంభమనగా నేమో మీకు దెలియును. యజ్ఞవాటికలో పశుబంధనమునకై నాటు స్తంభమది. అట్టి యూపములు, రాతితో మలచినవి, సముద్రమున కావలనున్న బోర్నియో ద్వీపమున మహాకాము నదీతీరమందు దొరకినవి. మూలవర్మ యను రాజు బ్రాహ్మణులకు గోదానము లొనర్చెనని వానిపై సంస్కృత శ్లోకములు గలవు. అవి క్రీస్తుశకము 400 ప్రాంతమునాటివి. వాని లిపి దక్షిణభారత లిపి. ఆ నదికే యెగువభాగమున బహావు లను జనులు నివసించుచున్నారు. ఆ రాజునకును వీరికిని సంబంధము గలదని నేను చెప్పుట లేదు. నదిని మీరు గుర్తుంచుకొందురని మాత్రమే యీ ప్రస్తావన తెచ్చితిని.

ఈ ప్రదేశము నేడు ఇండోనేషియా దేశమున తూర్పు కాలిమంతాను రాష్ట్రమునకు చేరినది. సముద్రతీరమునకు చేరువనున్న సమరిందా నగరమునుండి పడవపై రెండుదినములు ఎగువకు సాగినగాని లాంగు బాగును అను నూరు రాదు. దానికి పైని రాళ్లపై నురుగులు గ్రక్కుచు దుమికెడి సుడులు గలవు. అచ్చటి యూళ్ల పేళ్లలో పెక్కింటికి ముందు 'లాంగు' అను మాట యుండును. రెండేరులు కలియు చోటని దాని యర్థము. ఏరే వారికి బాట, ఏరే వారికి ఊరిపేరు.

పూర్వము ఊరంతయు ఒక్క యింటనే కాపురముండెడిది. ఎత్తైన స్తంభములపై నిలిపిన పొడవైన యిల్లది. ఒకే కప్పు, ముందు అందరికిని ఒకే పంచ, వెనుక కుటుంబమున కొక్కొక గది. వారిలో హిపుయి లను ప్రభువంశమువారు, పన్యిను లను సామాన్యులు, దిపెను లను దాసులు అని మూడు తరగతులుండెను. పసిబిడ్డను వీపున మోయు పూసల తట్టపై మనుష్యరూపము కుట్టించుకొను నధికారము సైతము ప్రభువంశమునకే చెల్లెడిది. నేడు అధికసంఖ్యాకులు వేరు వేరు గృహములలోనే యున్నారు. ఆ పొడవైన యిల్లు సభలకును పండుగలకును మిగిలినది.

వారి జీవనము వరి. మన మన్యమువారు పోడు అని పిలుచు సేద్యమే వారిదియు. అడవిని నరికి కాల్చి, బూడిద చల్లారిన పిమ్మట పురుషులు మొనదేలిన కర్రలతో గుంటలు పొడిచికొని పోవుచుండగా స్త్రీలు వెనుక విత్తులు వేయుదురు. ఒకరి చేనికి ఊరందరును పోయి, మరునాడు వేరొకరి చేనికి పోవుదురు.

ధాన్యమునకు ప్రాణము గలదనియు, అది యలిగినచో పంట పోవుననియు పూర్వపు బహావులు నమ్మిరి. పక్షిశకునము చూచి పనికి పూనుకొనెడివారు. 'దాయుంగు' అను పేరుగల పూజారులు, వీరిలో స్త్రీలును గలరు, వేలుపులను పిలిచి రోగులకు శాంతి చేసెడివారు. విత్తులు వేసిన పిమ్మట 'హుదోకు' అను నృత్యము జరుగును. నర్తకులు ఒడలంతయు అరటాకుల చీలికలు కప్పుకొని, పెద్దచెవులు, కోరలు గల కొయ్యమొగములు తొడిగికొందురు. వేలుపులే ఈ రూపమున వచ్చి పైరును చీడపీడలనుండి కాపాడుదురని వారి విశ్వాసము.

ఇట్లుండగా 1907లో డచ్చి దేశస్థులగు కపుచిను సన్న్యాసులు లాహాము అను గ్రామమున దిగి కతోలిక మతమును బోధించిరి. 1926లో పవిత్ర కుటుంబ సభవారు ఆ పనిని చేకొనిరి. బోధతో బాటు బడియు వచ్చెను. ఐనను జనులు ఒక్కమారుగా చేరలేదు. నేడు బహావులలో అత్యధికులు కతోలికులు.

బాప్తిస్మము పొందినవాడు హుదోకు ఆడవచ్చునా? ఈ సందేహమును దీర్చినవి రెండు మాటలు. ఇండోనేషియా భాషలో మతమును 'అగామ' అందురు. అది మన ఆగమశబ్దమే. కట్టుబాటును 'ఆదతు' అందురు. అది అరబ్బీ నుండి వచ్చినది. 1965 నాటి యధ్యక్షశాసనము ఆరు మతములను పేర్కొనెను. అడవిజనుల పురాతన విశ్వాసములు వానిలో లేవు. గుర్తింపుపత్రములందు అట్టి విశ్వాసములను వ్రాయించుకొను హక్కును అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము 2017లో గాని యంగీకరింపలేదు. కావున పూర్వులు ఒక్కటిగా నెఱిగిన దానిని మనుమలు రెండుగా చీల్చుకొనిరి: క్రీస్తు వారికి అగామ, హుదోకు వారికి ఆదతు. 1962-65 నడుమ జరిగిన రెండవ వాటికను మహాసభ దేశభాషలను, దేశాచారములను ఆరాధనలో ఆదరించుటచే ఈ సమాధానమునకు చర్చివైపు నుండియు బలము చేకూరినది.

ఈ యుపాయము హుదోకును బ్రతికించినది, నిజమే. కాని ఆచారమని పేరిడినంతనే అది వేడుకగా మారు భయమును గలదు. ప్రార్థనకు విత్తనపు ఋతువు కావలెను. వేడుకకు వేదిక యున్న చాలును. మహాకాము పరీవాహమున కలపవర్తకులు, బొగ్గుగనులు, పామాయిలు తోటలు అడవిని కబళించుచు వచ్చినవి. వరిచేను లేనిచోట ఆ కొయ్యమొగములు దేనికి కాపుండవలెను? మతము మారినను నృత్యము నిలిచినది. చేను పోయినచో నిలుచునో లేదో చెప్పజాలము.

ఒక జాతి సంస్కృతి దాని దేవాలయమున మాత్రమే యుండదనియు, దాని పొలములోను ఉండుననియు బహావుల చరిత్ర తెలుపుచున్నది. పొలము దున్నువారగు మీకు ఇంతకన్న వివరింప బనిలేదు.